ఇద్దరూ మంచివాళ్లే, కలిస్తేనే గొడవ: పాత మ్యాకింటాష్‌లలో ఎక్స్‌టెన్షన్ల తగువు తీర్చడం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఇక్కడ కూర్చున్న చాలామంది దగ్గర ఒక పాత మ్యాకింటాష్ ఉంది. కొందరు వెతికి మరీ కొన్నారు. కొందరికి ఎవరో వదిలించుకుంటూ ఇచ్చారు. ఆన్ చేస్తే నవ్వు ముఖం వస్తుంది, స్వాగతం పలికే పెట్టె వస్తుంది, తెర అడుగున ఎడమ మూల నుంచి చిన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి వరుసగా నిలబడతాయి. ఒక్కో బొమ్మ ఒక్కో ఎక్స్‌టెన్షన్‌ది, అంటే యంత్రం లేచేటప్పుడే మెమరీలోకి చేరి సిస్టమ్‌కు ఏదో సౌకర్యం కలిపే చిన్న ప్రోగ్రామ్‌ది. అలా కొన్ని వచ్చాక ఠక్కున ఆగిపోతుంది. మౌస్ కదలదు. లేదంటే బాంబు బొమ్మతో ఒక పెట్టె వచ్చి, క్షమించండి, సిస్టమ్ ఎర్రర్ వచ్చింది అంటుంది. కింద రీస్టార్ట్ బటన్ ఒక్కటే దిక్కు. నొక్కితే మళ్లీ అదే కథ.

ఇది చూడగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: వీటిలో చెడిపోయిన ఫైలు ఏది? నా ఉద్దేశంలో ఆ ప్రశ్న దగ్గరే దారి తప్పుతాం. చాలాసార్లు చెడిపోయిన ఫైలంటూ ఏదీ ఉండదు. గొడవపడే ఎక్స్‌టెన్షన్లు రెండూ విడివిడిగా చక్కగా పనిచేస్తాయి. ఒకే యంత్రంలో, ఒక ఫలానా వరుసలో పక్కపక్కన పడ్డప్పుడే గొడవ. అంటే మనం వెతకాల్సింది ఒక దొంగను కాదు, ఒక జతను. ఈ తేడా తెలిస్తే వెతికే పద్ధతే మారిపోతుంది. అందుకే ఇవాళ ఎక్కువ సేపు దాని మీదే ఉంటాను.

ముందు ఆ బొమ్మల సంగతి. మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సిస్టమ్ 6 అనే వెర్షన్ వరకు వీటిని ఇనిట్‌లు అనేవారు. సిస్టమ్ ఫోల్డర్‌లో అన్నీ కలగాపులగంగా పడి ఉండేవి. 1991లో సిస్టమ్ 7 వచ్చాక ఎక్స్‌టెన్షన్లకు ఒక ఫోల్డర్, కంట్రోల్ ప్యానెళ్లకు, అంటే సెట్టింగులు మార్చుకునే చిన్న ప్రోగ్రామ్‌లకు, ఒక ఫోల్డర్ ఏర్పడ్డాయి. యంత్రం లేచేటప్పుడు మొదట ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లోవి అక్షర క్రమంలో లోడ్ అవుతాయి. తర్వాత కంట్రోల్ ప్యానెల్స్ ఫోల్డర్‌లోవి, అవీ అక్షర క్రమంలోనే. ఆ తర్వాతే సిస్టమ్ ఫోల్డర్‌లో విడిగా పడి ఉన్నవి. ఈ క్రమం గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితోనే పని.

ఆ రోజుల్లో వీటిని జనం ఎందుకంత ఇష్టంగా వేసుకున్నారంటే, సిస్టమ్‌లో లేని సౌకర్యాలు ఇవే ఇచ్చేవి. మెనూ బార్‌లో గడియారం కూడా మొదట్లో ఆపిల్ ఇచ్చింది కాదు. సూపర్‌క్లాక్ అనే చిన్న ప్రోగ్రామ్ బయటివాళ్లు రాస్తే, 1994లో వచ్చిన సిస్టమ్ 7.5లో దాన్ని చేర్చుకున్నారు. అక్షరాలు తెర మీద నున్నగా కనబడాలంటే అడోబీ టైప్ మేనేజర్. తెర మీద రెక్కల టోస్టర్లు ఎగరాలంటే ఆఫ్టర్ డార్క్. వైరస్ కాపలాకు డిసిన్ఫెక్టెంట్. ఉన్న మెమరీని ఎక్కువ చేసి చూపించడానికి ర్యామ్ డబ్లర్. ఇవన్నీ ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్లు రాసినవి. అన్నీ మాత్రం ఒకే చోట చేయి పెట్టేవి.

ఆ ఒకే చోటు ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

పాత మ్యాక్‌లలో ఉన్నది మోటరోలా 68000 కుటుంబం ప్రాసెసర్. అందులో పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్‌లో) 'A' అనే అక్షరంతో మొదలయ్యే ఆదేశాలను ప్రాసెసర్ తయారుచేసినవాళ్లు ఖాళీగా వదిలేశారు. ప్రాసెసర్‌కు అలాంటి ఆదేశం తగిలితే, ఇది నాకు తెలియదు అని పని ఆపి సిస్టమ్‌ను పిలుస్తుంది. ఆపిల్ ఇంజనీర్లు దీన్ని తెలివిగా వాడుకున్నారు. కిటికీ గీయాలన్నా, ఫైలు తెరవాలన్నా, మౌస్ క్లిక్ అయిందా అని అడగాలన్నా ప్రోగ్రామ్ ఈ 'A' ఆదేశాల్లో ఒకటి వాడుతుంది. వీటినే ట్రాప్‌లు అంటారు. ట్రాప్ తగలగానే సిస్టమ్ మెమరీలో ఉన్న ఒక పట్టిక చూస్తుంది. ఈ నంబరు ట్రాప్‌కు అసలు కోడ్ ఎక్కడుందో ఆ పట్టికలో చిరునామా ఉంటుంది. అక్కడికి దూకుతుంది.

పట్టిక మెమరీలో ఉందన్నాను కదా. అంటే మార్చవచ్చు. చిప్‌లో శాశ్వతంగా కాల్చేసిన కోడ్‌లో, అంటే ఆర్‌ఓఎమ్‌లో తప్పులుంటే తర్వాత సరిదిద్దుకోవడానికే ఆపిల్ ఆ ఏర్పాటు చేసింది. కానీ తలుపు తెరిచి ఉంటే అందరూ వస్తారు. ఒక ఎక్స్‌టెన్షన్ లేవగానే పట్టికలో పాత చిరునామా చదివి దాచుకుంటుంది, దాని స్థానంలో తన చిరునామా రాస్తుంది. ఇల్లు మారినవాళ్లు పోస్టాఫీసులో చెప్పి ఉత్తరాలు కొత్త చోటికి మళ్లించుకున్నట్టే. తన పని అయ్యాక, దాచుకున్న పాత చిరునామాకు కబురు పంపిస్తుంది. దీన్నే ప్యాచ్ చేయడం అంటారు.

రెండో ఎక్స్‌టెన్షన్ వచ్చి అదే ట్రాప్‌ను ప్యాచ్ చేస్తే దానికి కనబడే పాత చిరునామా మొదటి ఎక్స్‌టెన్షన్‌ది. మూడోదానికి కనబడేది రెండోదాని చిరునామా. ఇలా గొలుసు తయారవుతుంది. ఆఖర్న లోడ్ అయినదానికి పిలుపు మొదట అందుతుంది. మొదట లోడ్ అయినది అసలు సిస్టమ్ కోడ్‌కు దగ్గరగా ఉంటుంది. వరుస మారితే గొలుసు మారుతుంది, గొలుసు మారితే ప్రవర్తన మారుతుంది. ఎక్స్‌టెన్షన్ పేరు ముందు ఒక ఖాళీ పెడితే సమస్య పోయిందని ఎవరైనా చెబితే అది చేతబడి కాదు. కారణం ఇదే.

ఈ గొలుసు తెగే దారులు చాలా ఉన్నాయి. రెండు చెబుతాను. మొదటిది రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్ తన లోపల విలువలు పెట్టుకునే చిన్న అరలు. ట్రాప్‌ను పిలిచిన ప్రోగ్రామ్, ఫలానా రిజిస్టర్లలో నా విలువలు చెక్కుచెదరకుండా ఉంటాయి అనే నమ్మకంతో పిలుస్తుంది. మధ్యలో దూరిన ప్యాచ్ వాటిలో ఒకదాన్ని వాడుకుని, తిరిగి పెట్టడం మరిచిపోయిందనుకోండి. ఆ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ రిజిస్టర్‌తో ఎవరికీ అవసరం పడదు, కాబట్టి ఏమీ కాదు. దాని మీద నమ్మకం పెట్టుకున్న ఇంకో ప్యాచ్ గొలుసులోకి వచ్చిన రోజున బాంబు పడుతుంది. తప్పు మొదటిది చేసింది, చచ్చింది రెండోది. చాలామంది రెండోదాన్ని తీసేసి, అది చెడ్డదని అందరికీ చెబుతారు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. ప్యాచ్‌లు రెండు రకాలు. తన పని ముందు చేసుకుని పాత కోడ్‌కు దూకి, ఇక వెనక్కి రాకుండా పోయేది ఒకటి. పాత కోడ్‌ను పిలిచి, అది ముగించాక మళ్లీ తన దగ్గరికి వచ్చేలా చూసుకునేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని టెయిల్ ప్యాచ్ అంటారు. ఆపిల్ తన సొంత సవరణల్లో కొన్నింటిని ఒక చిత్రమైన పద్ధతిలో రాసింది. నన్ను ఎక్కడి నుంచి పిలిచారు అని స్టాక్ మీద (పని అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసుకునే మెమరీ భాగంలో) తిరుగు చిరునామా చూసి, ఆర్‌ఓఎమ్‌లో ఫలానా చోటి నుంచి వచ్చిన పిలుపైతేనే సవరణ అమలు చేస్తుంది. మధ్యలో టెయిల్ ప్యాచ్ ఉంటే ఆ తిరుగు చిరునామా ఎక్స్‌టెన్షన్‌ది అయిపోతుంది. ఆపిల్ సవరణ పిలుపును గుర్తుపట్టదు, పాత తప్పు తిరిగి బయటికొస్తుంది. టెయిల్ ప్యాచ్‌లు రాయవద్దని ఆపిల్ డెవలపర్లకు పదేపదే చెప్పింది. రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు.

దీనికి తోడు ఆ సిస్టమ్‌లో మెమరీకి గోడలు లేవు. ఒక ప్రోగ్రామ్ జాగాలో ఇంకొకటి రాసేసినా ఆపేవాళ్లు లేరు. కాబట్టి యంత్రం ఎక్కడ ఆగిందో అక్కడే కారణం ఉండాలన్న నియమం లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. చాలామంది తెర మీద ఆఖరున కనబడిన బొమ్మను పట్టుకుంటారు. ఆ బొమ్మను సిస్టమ్ గీయదు. ఎవరి బొమ్మ వాళ్లే గీసుకోవాలి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు పని మొదట్లోనే గీస్తాయి, కొన్ని అంతా అయ్యాక గీస్తాయి, కొన్ని అసలు గీయనే గీయవు. ఆఖరు బొమ్మ దగ్గర ఆగిందంటే అది ఇరుక్కుని ఉండవచ్చు, లేదా అది హాయిగా ముగించి దాని తర్వాతది బొమ్మ గీయకముందే కుప్పకూలి ఉండవచ్చు. మధ్యలో బొమ్మ లేనివి రెండు మూడు ఉండవచ్చు కూడా. కాబట్టి దాన్ని అనుమానితుల జాబితాలో చేర్చండి, అంతేగానీ శిక్ష వేయకండి. బొమ్మ మీద అడ్డంగా ఇంటూ గుర్తు ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. నాకు ఇక్కడ వీలుపడదని తెలుసుకుని, అది మర్యాదగా తప్పుకుందని అర్థం.

ఎర్రర్ నంబర్ల గురించి కూడా అడుగుతుంటారు. టైప్ 1 బస్ ఎర్రర్, టైప్ 2 అడ్రస్ ఎర్రర్, టైప్ 3 ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం. 68000 తర్వాత వచ్చిన పవర్‌పీసీ ప్రాసెసర్ యంత్రాల్లో ఎప్పుడు చూసినా టైప్ 11. ఇవి ప్రాసెసర్‌కు ఏం నచ్చలేదో చెబుతాయి, ఎవరివల్ల అనేది చెప్పవు. ఎక్స్‌టెన్షన్ గొడవల్లో వీటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. టైప్ 25 లాంటిది వస్తే మెమరీ సరిపోలేదని ఒక చూపు అటు వేయండి, చాలు.

ఇక పనిలోకి దిగుదాం. అన్నిటికంటే ముందు బ్యాకప్. ఆ డిస్కులు ముసలివి. మనం చేయబోయేది పదే పదే రీస్టార్ట్ చేయడం. ఇన్నిసార్లు తిప్పితే డిస్కే పోవచ్చు. ముఖ్యమైనవి కాపీ చేసుకున్నాకే మిగతాది.

తర్వాత షిఫ్ట్ కీ. సిస్టమ్ 7 నుంచి, యంత్రం లేచేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఎక్స్‌టెన్షన్లేవీ లోడ్ కావు. ఎక్స్‌టెన్షన్లు ఆఫ్ అనే మాట స్వాగతం పెట్టెలో కనబడేదాకా వేలు తీయకూడదు. షిఫ్ట్ పట్టినా క్రాష్ అవుతోందంటే గొడవ ఎక్స్‌టెన్షన్లది కాదు. డిస్కుల్లాంటి పరికరాలను కలిపే ఎస్‌సీఎస్‌ఐ కేబుల్, దాని చివర ఉండాల్సిన టెర్మినేషన్, రెండు పరికరాలకు ఒకే ఐడీ పడడం, వదులైన మెమరీ కార్డు, కారిపోయిన కెపాసిటర్లు, తేదీనీ సెట్టింగులనీ నిలబెట్టే పీర్యామ్ బ్యాటరీ చచ్చిపోవడం, ఈ దారిలో వెళ్లండి. తేదీ 1904కో 1956కో వెళ్లిపోయి ఉంటే బ్యాటరీ అయిపోయినట్టే. ఆ బ్యాటరీని మాత్రం ఇంటికి వెళ్లగానే బయటికి తీయండి. అది కారితే బోర్డునే తినేస్తుంది, అప్పుడు ఈ ప్రసంగం ఎందుకూ పనికిరాదు.

షిఫ్ట్ పట్టినప్పుడు సమస్య పోయిందనుకోండి. దొరికింది, ఎక్స్‌టెన్షన్ల గొడవే అని సంబరపడతాం. కొంచెం ఆగాలి. ఎక్స్‌టెన్షన్లన్నీ పోతే వాటితోపాటు అవి తిన్న మెమరీ కూడా తిరిగొస్తుంది. సిస్టమ్‌కు ఊపిరి ఆడక క్రాష్ అయి ఉంటే షిఫ్ట్‌తో అదీ తగ్గిపోతుంది. దీన్ని విడదీయడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఏ సంబంధమూ లేని పెద్ద ఎక్స్‌టెన్షన్లు కొన్ని ఆఫ్ చేయండి. వేరే పెద్దవి ఆఫ్ చేసి చూడండి. ఏ గుంపును తీసినా సమస్య తగ్గుతోందంటే అది మెమరీ కరువు. ఒక గుంపు తీస్తేనే తగ్గుతోందంటే అది నిజమైన తగువు. ఇంకోటి, షిఫ్ట్ పడితే సీడీ డ్రైవ్ కూడా కనబడకపోవచ్చు, ఎందుకంటే దాన్ని నడిపేది కూడా ఒక ఎక్స్‌టెన్షనే. కంగారుపడి డ్రైవ్ విప్పకండి.

సిస్టమ్ 7.5 నుంచి ఎక్స్‌టెన్షన్స్ మేనేజర్ వచ్చింది. లేచేటప్పుడు స్పేస్ బార్ పట్టుకుంటే, లోడింగ్ మొదలవకముందే తెరుచుకుంటుంది. ఒక్కోదాని పక్కన టిక్ పెట్టడం, తీయడం. ఆఫ్ చేసినవి ఎక్కడికీ పోవు, డిసేబుల్డ్ అనే పేరున్న పక్క ఫోల్డర్‌లోకి వెళతాయి. మ్యాక్ ఓఎస్ 8 రోజుల్లో దానిలో బేస్ అనే సెట్ ఒకటి ఇచ్చారు. ఆపిల్ ఇచ్చినవాటిలో అత్యవసరమైనవి మాత్రమే అందులో ఉంటాయి. ముందు దానితో లేపండి. అదీ క్రాష్ అయితే బయటి ఎక్స్‌టెన్షన్లను తిట్టడం ఆపి సిస్టమ్‌నే చూడాలి. ఒక జాగ్రత్త: సిస్టమ్ 7.1 కాలంలో కొన్ని యంత్రాలకు సిస్టమ్ ఎనేబ్లర్ అనే ఫైలు ఉండేది. అదీ సిస్టమ్ ఫోల్డర్‌లోనే విడిగా కనబడుతుంది. దాన్ని తీస్తే యంత్రం అసలు లేవదు. చేతులు దూరంగా పెట్టండి.

ఇప్పుడు అసలు వెతుకులాట. అందరికీ తెలిసిన పద్ధతి సగం సగం. సగం ఎక్స్‌టెన్షన్లు ఆఫ్ చేయి, క్రాష్ ఏ సగంలో ఉందో చూడు, దాన్ని మళ్లీ సగం చేయి. చెడ్డ ఫైలు ఒక్కటే ఉంటే ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జత అయితే? రెండిట్లో ఒకటి ఈ సగంలో, ఒకటి ఆ సగంలో పడిందనుకోండి. ఈ సగం పెట్టి లేపితే బాగుంటుంది. ఆ సగం పెట్టి లేపినా బాగుంటుంది. అన్నీ పెడితే క్రాష్. అప్పుడు మనిషికి పిచ్చెక్కుతుంది. సగం మంది ఇక్కడే విసుగెత్తి సిస్టమ్ మొత్తం చెరిపేస్తారు.

ఆ సగాలను అటూ ఇటూ మార్చకుండా, ఎప్పుడూ వరుసలో మొదటి నుంచే లెక్కపెట్టండి. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. లోడ్ అయ్యే వరుసలో 48 ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయనుకుందాం. మొదటి 24 మాత్రమే ఆన్ చేసి లేపండి. బాగుంది. అయితే మొదటి 36. క్రాష్. మొదటి 30. బాగుంది. మొదటి 33. క్రాష్. మొదటి 32. బాగుంది. అంటే 32 దాకా ఏ గొడవా లేదు, 33వది చేరగానే కూలింది. జతలో తర్వాత లోడ్ అయ్యేది 33. ఇందులో సందేహం లేదు.

ఇప్పుడు 33ను ఆన్‌లోనే ఉంచి, దాని ముందున్న 32తో అదే ఆట. మొదటి 16, ప్లస్ 33: క్రాష్. మొదటి 8, ప్లస్ 33: బాగుంది. మొదటి 12: బాగుంది. మొదటి 14: క్రాష్. మొదటి 13: బాగుంది. దొరికింది, రెండోది 14. మొత్తం పది రీస్టార్ట్‌లు. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నూ తీసి చూస్తూ పోతే 48 సార్లు, జతలన్నీ వేసి చూస్తే వెయ్యి దాటుతాయి.

అక్కడితో అయిపోలేదు. నిర్ధారణ చేసుకోవాలి. 14 తీసి మిగతా అన్నీ ఆన్: బాగుండాలి. 33 తీసి మిగతా అన్నీ ఆన్: బాగుండాలి. బేస్ సెట్ మీద ఈ రెండు మాత్రమే: క్రాష్ కావాలి. మూడోది బాగుందంటే జత కాదు, మూడో మనిషి కూడా ఉన్నాడు. 14, 33 రెండూ ఆన్‌లో ఉంచి మళ్లీ ఒక విడత వెతకాలి. అరుదుగానే జరుగుతుంది.

ఈ పద్ధతికి రెండు షరతులు ఉన్నాయి. వరుస నిజమైన లోడింగ్ వరుసే కావాలి. ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ ముందు, కంట్రోల్ ప్యానెళ్లు తర్వాత అని ఇందాక చెప్పాను కదా, కాగితం మీద ఆ వరుస రాసుకోండి. రెండోది, లైబ్రరీలను ముట్టుకోకండి. పేరు చివర లిబ్ అని ఉండేవి, లైబ్రరీ అని ఉండేవి లేచేటప్పుడు ఏ కోడూ నడపవు. ఇతర ప్రోగ్రామ్‌లు అడిగినప్పుడు మాత్రమే వస్తాయి. వాటిని ఆఫ్ చేస్తే వాటి మీద ఆధారపడ్డవి పడిపోతాయి, మనం దాన్ని ఇంకో తగువు అనుకుని దాని వెంట పడతాం. అన్ని పరీక్షల్లోనూ లైబ్రరీలు ఆన్‌లోనే ఉండాలి.

అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే క్రాష్‌లు ఉంటాయి చూశారూ, అసలు టెన్షన్ వాటితోనే. నాలుగుసార్లు బాగా లేస్తుంది, అయిదోసారి పడుతుంది. అప్పుడు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: క్రాష్ అయిందంటే అది గట్టి సాక్ష్యం, బాగుంది అంటే బలహీనమైన సాక్ష్యం. ఒక్కసారి పడితే చాలు, ఆ గుంపులో జత ఉన్నట్టే. బాగుంది అని రాసుకోవాలంటే మాత్రం అదే సెట్‌తో పలుమార్లు లేపి, ఏ పనిలో క్రాష్ వచ్చేదో ఆ పని ప్రతిసారీ చేసి చూడాలి. ఇక్కడ తొందరపడితే తప్పు సగంలోకి వెళ్లిపోయి, ఆ తర్వాత చేసిన రీస్టార్ట్‌లన్నీ గాలికి పోతాయి.

ఇదంతా చేత్తో చేయడం విసుగనుకునేవాళ్లకు కాన్‌ఫ్లిక్ట్ క్యాచర్ అని ఒక ప్రోగ్రామ్ ఉండేది. కసాడీ అండ్ గ్రీన్ అనే సంస్థ అమ్మేది. ఈసారి బాగుందా, లేదా అని అడుగుతూ సెట్లు తనే మార్చుకుంటూ పోతుంది. జతలను కూడా పట్టుకునేది. దాన్ని రాసిన జెఫ్ రాబిన్ తర్వాత సౌండ్‌జామ్ అనే పాటల ప్రోగ్రామ్ మీద పనిచేశాడు. దాన్ని ఆపిల్ కొనుక్కుంది, అదే ఐట్యూన్స్ అయింది. సందర్భం కాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

జత దొరికాక ఏం చేయాలి? ఒకదాన్ని తీసేయడం అందరికీ తట్టేదే. అంతకుముందు వరుస మార్చి చూడండి. 33 పేరు ముందు ఒక ఖాళీ పెడితే అది తన ఫోల్డర్‌లో అందరికంటే ముందుకు వస్తుంది. పేరు ముందు టిల్డే గుర్తు పెడితే చివరికి పోతుంది. అడోబీ టైప్ మేనేజర్ కంట్రోల్ ప్యానెల్ పేరు ముందు ఆ గుర్తు ఉండేది అందుకే. అయితే పేరుతో వరుస మారేది ఒక ఫోల్డర్ లోపలే. కంట్రోల్ ప్యానెల్‌ను ఎక్స్‌టెన్షన్ల కంటే ముందు లోడ్ చేయాలంటే, దాన్ని ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లోకి మార్చి, పాత చోట దాని ఎలియాస్, అంటే అసలు ఫైలుకు దారి చూపే బొమ్మ, పెట్టండి. మెనూలో ఎప్పటిలాగే కనబడుతుంది, లోడింగ్ మాత్రం ముందుకు జరుగుతుంది. ఒకటే ఇబ్బంది, కొన్ని ప్రోగ్రామ్‌లు తమ ఎక్స్‌టెన్షన్‌ను పేరుతో వెతుకుతాయి. పేరు మార్చాక నువ్వెవరో తెలియదు అంటే పాత పేరు పెట్టేయండి.

వరుస మార్చినా లొంగకపోతే ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో ఆ రెండిటి ఫైళ్లు బయటికి తీసి చూడండి. తర్వాత వెర్షన్. కొత్తదే మంచిదని అనుకోకండి. సిస్టమ్ 7.1కు 1997 నాటి ఎక్స్‌టెన్షన్ నప్పకపోవచ్చు.

వెర్షన్ మాట వచ్చింది కాబట్టి, తగువులా కనబడి తగువు కానివి కొన్ని. ఒకే ఎక్స్‌టెన్షన్ రెండు కాపీలు, ఒకటి ఫోల్డర్‌లో, ఒకటి బయట, ఇది ముందు చూడండి. మ్యాక్ ఓఎస్ 8లో ఆబ్జెక్ట్ సపోర్ట్ లిబ్ అనేది సిస్టమ్ ఫైలులోనే కలిసిపోయింది. పాత ఇన్‌స్టాలర్లు మళ్లీ తెచ్చి పాత కాపీ పడేసేవి, దానితో క్రాష్‌లు. ఇది ఇందాక చెప్పిన లైబ్రరీల నియమానికి మినహాయింపు. 8 లేదా ఆపైన ఉంటే దాన్ని తీసేయడమే మంచిది. పాత ఎక్స్‌టెన్షన్లు కొన్ని 24 బిట్ల చిరునామాలకు అలవాటుపడి, పైన మిగిలిన 8 బిట్లలో తమ సొంత గుర్తులు పెట్టుకునేవి. మెమరీ కంట్రోల్ ప్యానెల్‌లో 32 బిట్ అడ్రసింగ్ ఆన్ చేయగానే అవి కూలతాయి. 68040 ప్రాసెసర్ ఉన్న క్వాడ్రా మ్యాక్‌లైతే క్యాష్ స్విచ్ ప్యానెల్‌లో క్యాష్ (ప్రాసెసర్ తరచుగా వాడేదాన్ని దగ్గర దాచుకునే చిన్న మెమరీ) ఆఫ్ చేసి చూడండి. తన కోడ్‌ను తనే మార్చుకునే పాత ప్రోగ్రామ్‌లు ఆ క్యాష్‌తో వేగలేవు. ర్యామ్ డబ్లర్ ఉంటే డిస్కును మెమరీలా వాడే ఆపిల్ వర్చువల్ మెమరీ ఆఫ్‌లో ఉండాలి, రెండూ ఒకే పని చేయబోతాయి.

డాస్ యంత్రాలవాళ్లు కూడా కొందరు వచ్చినట్టున్నారు. మీకు ఇంత కష్టం లేదు. కాన్ఫిగ్ సిస్, ఆటోఎగ్జిక్ బ్యాట్ అనే రెండు ఫైళ్లు చదివితే ఏది ఏ వరుసలో లోడ్ అవుతుందో అక్షరాలా కనబడుతుంది. ఎమ్‌ఎస్ డాస్ 6లో ఎఫ్5 నొక్కితే అన్నీ దాటేస్తుంది, ఎఫ్8 నొక్కితే ఒక్కో వరుసకూ అవునా కాదా అని అడుగుతుంది. మొదటి నుంచి లెక్కపెట్టే పద్ధతి అక్కడా అచ్చంగా ఇలాగే పనిచేస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ముసలి డిస్కును తిప్పకుండా ఎమ్యులేటర్‌లో ఇదంతా చేయవచ్చా?)

ఎమ్యులేటర్ అంటే ఇవాళ్టి కంప్యూటర్‌లో పాత మ్యాక్‌లా నటించే ప్రోగ్రామ్. చేయవచ్చు, నేనైతే ముందు అదే చేయమంటాను. డిస్క్ ఇమేజ్ తీసుకుని బాసిలిస్క్ టూలోనో, పవర్‌పీసీ అయితే షీప్‌షేవర్‌లోనో పెట్టండి. రీస్టార్ట్ క్షణాల్లో అయిపోతుంది. పైగా ప్రతి పరీక్షకూ కొత్త కాపీతో మొదలుపెట్టవచ్చు. అక్కడ క్రాష్ వస్తే సగం పని అయిపోయినట్టే. రాకపోతే మాత్రం ఎక్స్‌టెన్షన్లు నిర్దోషులని తీర్పు ఇవ్వకండి. ఎస్‌సీఎస్‌ఐ, నెట్‌వర్క్ కార్డు, వీడియో కార్డులతో మాట్లాడే ఎక్స్‌టెన్షన్లకు ఎమ్యులేటర్‌లో ఎదుట మాట్లాడే మనిషే ఉండడు.

(సభలోంచి: మ్యాక్స్‌బగ్ పెట్టుకుంటే లాభం ఉందా?)

ఉంది, కొంచెం ఓపిక ఉంటే. అది ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో లోపలికి చూపించే డీబగ్గర్. సిస్టమ్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు, బాంబు పెట్టెకు బదులు అది తెరుచుకుంటుంది. డబ్ల్యూ హెచ్ అని కొడితే ప్రాసెసర్ ఎక్కడ ఆగిందో చెబుతుంది. అక్కడ ఒక ఎక్స్‌టెన్షన్ పేరో, తెలిసిన ట్రాప్ పేరో కనబడితే రాసుకోండి. ఇందాక చెప్పినట్టు, చచ్చినచోటు అది, చంపినవాడు వేరే కావచ్చు.

(సభలోంచి: ఇంత అవస్థ దేనికండీ, క్లీన్ ఇన్‌స్టాల్ చేసేస్తే పోదా?)

పోతుంది. వారం తిరిగేలోగా మళ్లీ వస్తుంది. ఎందుకంటే మీరు ఆ ఎక్స్‌టెన్షన్లు కావాలనే కదా పెట్టుకున్నారు, మళ్లీ అవే తెచ్చి పెడతారు. చేయాలనుకుంటే ఒక పద్ధతి ప్రకారం చేయండి. సిస్టమ్ 7.5 ఇన్‌స్టాలర్‌లో కమాండ్, షిఫ్ట్, కే కలిపి నొక్కితే కొత్త ఫోల్డర్ వేసే అవకాశం వస్తుంది. పాతది ప్రీవియస్ సిస్టమ్ ఫోల్డర్ అనే పేరుతో పక్కన ఉండిపోతుంది. దాన్ని చెరపకండి. అందులోంచి బయటి ఎక్స్‌టెన్షన్లను లోడింగ్ వరుసలోనే, నాలుగైదు చొప్పున కొత్తదానిలోకి తెచ్చుకోండి. ప్రతి విడతకూ ఒక రీస్టార్ట్, కొంచెం పని చేసి చూడడం. ఏ విడతలో పడిందో జతలో రెండోది ఆ నాలుగైదులోనే ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి వెతకడం ఎలాగో చెప్పాను కదా. అన్నట్టు, తెచ్చేటప్పుడు పాత ఫోల్డర్‌లోంచి జరపకండి, కాపీ చేయండి.